పైన నేను, కింద నా టిఫిన్

మార్చి 3, సోమవారం

ఈ రోజు నుంచి రాస్తాను. ఎవరికీ చెప్పలేని సంగతి ఒకటి లోపల పెట్టుకుని తిరుగుతుంటే కడుపుబ్బరంగా ఉంది. కడుపులో ఏమీ లేదు కాబట్టి ఇది మాటల ఉబ్బరమే అయి ఉంటుంది.

పోయిన గురువారం ఇనుప చువ్వల కట్టని పైఅంతస్తు మీదికి తిప్పుతుంటే నాకు కళ్ళు బైర్లు కమ్మాయి. ఎంతసేపో తెలియదు, ఊపిరి తీసి వదిలినంతసేపు అనుకుంటాను. కళ్ళు తెరిచేసరికి కట్ట అటూ ఇటూ ఊగుతోంది. కింద తాపీ పనివాళ్ళు తలలెత్తి చూస్తున్నారు. వాకీటాకీలో బాబాయ్, గాలి తోసిందా అమ్మాయ్ అని అడిగాడు. అవును బాబాయ్, గాలే అన్నాను. ఆ రోజు ఆరేసిన బట్ట కూడా కదలనంత ఉక్క.

బాబాయ్ అంటే నాకు చుట్టమేమీ కాదు. కింద నిలబడి ఎత్తు, దించు, ఎడమ, కుడి అని చెప్పే సిగ్నల్‌మాన్. క్రేన్ క్యాబిన్‌లో కూర్చునే నాకు కింద సగం కనిపించదు. ఆయన చూసి చెబితే నేను తిప్పుతాను. సైటులో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలుస్తారు, సూపర్‌వైజర్‌తో సహా.

లోడు వస్తోంది. తర్వాత రాస్తాను.

మార్చి 4, మంగళవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. కంపెనీ డాక్టరు దగ్గరికి కాదు. ఆయనకి నా షుగర్ సంగతి తెలిస్తే ఆ సాయంత్రమే క్యాబిన్ తాళం తీసేసుకుంటారు. ఈవిడ మా వీధి చివర ఉంటుంది, నేనేం పని చేస్తానో తెలియదు.

మాత్ర తిండితోపాటే వేసుకోవాలని చెప్పానుగా, పొద్దున ఏం తింటున్నారు అని అడిగింది. గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నిన్న రొట్టె, రెండు ఉడికించిన గుడ్లు, ఒక అరటిపండు. గుడ్ల మీద మిరియాల పొడి కాస్త ఎక్కువైంది అని కూడా అన్నాను. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అన్నీ నా డబ్బాలో ఉన్నవే. తిన్నది బాబాయ్, అంతే తేడా.

లేచేముందు ఎవరి సంగతో అడుగుతున్నట్టు అడిగాను, పొద్దున తినకపోతే ఒంటికి మంచిదని పత్రికల్లో రాస్తున్నారు కదా అని.

"కొందరికి పడుతుందమ్మా, కొందరికి పడదు. పొద్దున ఆకలి వెయ్యనివాళ్ళు కాస్త ఆలస్యంగా తింటే కొంపలేం మునగవు. కానీ ఈ మాత్ర మింగి ఖాళీ కడుపుతో ఉండటం ఎవరికీ పడదు. జేబులో చక్కెర బిళ్ళలు పెట్టుకోండి. మీరేం పని చేస్తారు?"

కుర్చీలో కూర్చునే పని అన్నాను. కుర్చీ ఎంత ఎత్తున ఉందో ఆవిడ అడగలేదు.

మార్చి 6, గురువారం

గాలి ఎక్కువగా ఉందని క్రేన్ ఆపారు. దిగమని ఎవరూ అనలేదు కాబట్టి కూర్చునే ఉన్నాను.

క్యాబిన్‌లో కాళ్ళు చాపితే అద్దానికి తగులుతాయి. చుట్టూ అద్దం, కాళ్ళ కింద కూడా అద్దమే. ఒక కుర్చీ, రెండు చేతులకీ రెండు లివర్లు, వాకీటాకీ, తిరగడం మరిచిపోయిన చిన్న ఫ్యాను. తలుపు ఉంది. తలుపు తీస్తే నిచ్చెన, నిచ్చెన కింద నిచ్చెన, దాని కింద ఇంకో నిచ్చెన. అంత ఎత్తున భయం వెయ్యదా అని ఆడవాళ్ళు అడుగుతుంటారు. ఎత్తు నన్నెప్పుడూ ఏమీ చెయ్యలేదు. నా భయమంతా మూత్రానికే.

తింటే నీళ్ళు తాగాలి. తాగితే దిగాలి. నేను దిగి ఎక్కేదాకా సైటంతా చేతులు ముడుచుకుని కూర్చోవాలి. కాంక్రీటు లారీ డ్రమ్ము గిర్రున తిప్పుకుంటూ నిలబడిపోతుంది. రాత్రి షిఫ్టు అతను సీసా పెట్టుకుంటాడు, అతనికి చెల్లుతుంది. నాకెలా చెల్లుతుంది? చుట్టూ అద్దాలాయె.

చేరిన కొత్తలో ఒక్కసారి దిగాను. సూపర్‌వైజర్ వాకీటాకీలో, మహారాణిగారు పల్లకీ దిగుతున్నారు, పక్కకి జరగండి అన్నాడు. ఆ చానల్ సైటులో అందరి చేతుల్లోనూ మోగుతుంది. ఒక్కో నిచ్చెన దిగుతుంటే ఒక్కో అంతస్తులోంచి నవ్వులు వినిపించాయి. మళ్ళీ ఎక్కేటప్పుడు ఎవడో ఈల వేశాడు. పైకి వచ్చి కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే లోడు ఎత్తాను.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనాల గంట కొట్టేదాకా ఏమీ తినను, తాగను. పత్రికలో పొద్దుటి తిండి మానడం గురించి చదివింది ఆ తర్వాత. చదివాక ప్రాణం లేచి వచ్చింది. పేగులకి విశ్రాంతి అట, బుర్ర చురుగ్గా పనిచేస్తుందట. నేను చేస్తున్న పనికి అంత మంచి పేరుందని నాకు అప్పటిదాకా తెలియదు.

మార్చి 8, శనివారం

మా ఆయన గురించి రాయకపోతే ఇదంతా పిచ్చిదాని గోలలా ఉంటుంది.

ఆయన అచ్చు యంత్రం మీద పని చేసేవారు. ప్రెస్సు మూతపడ్డాక కొన్నాళ్ళు వేరే పని కోసం తిరిగారు. తర్వాత తిరగడం మానేశారు. ఆ తర్వాత లేవడం మానేశారు. గోడ వైపు తిరిగి పడుకునేవారు. పిలిస్తే ఊఁ అనేవారు. రెండేళ్ళు నేను ఆయన వీపుతో కాపురం చేశాను. ఆ వీపు మీద ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఎక్కడ చొక్కా కుట్టు ఊడిందో నాకు కంఠతా వచ్చు. కోప్పడ్డాను, బతిమాలాను, మాట్లాడకుండా కూర్చున్నాను. ఏదీ పనికి రాలేదు.

నాకు ఈ పొద్దుటి షిఫ్టు వేశాక ఒక రోజు లేచి చూస్తే పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి. ఆయన గరిటె పట్టుకుని నిలబడ్డారు. చీకట్నే లేచి వెళ్తున్నావు, ఏం తింటావు మరి అన్నారు. కదిలితే మళ్ళీ వెళ్ళి పడుకుంటారేమోనని నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

అప్పటి నుంచి రోజూ నాకంటే ముందు లేస్తున్నారు. బజారుకి వెళ్తున్నారు, కూరలవాడితో గొడవ పడుతున్నారు, గడ్డం గీసుకుంటున్నారు. నాకు వంకాయ పడదని బజారులో వంకాయల గంపకి తగిలిన సంచిని కూడా కడిగి ఆరేస్తున్నారు. షుగర్ మాత్ర నా చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు అందించి, మింగేదాకా కదలరు. మాత్ర మధ్యాహ్నం వేసుకుంటానని ఒకసారి అంటే, తిండి పొద్దున తిని మాత్ర మధ్యాహ్నం ఎందుకు అన్నారు. మాత్ర మింగేశాను. తర్వాత డబ్బా చేతికిస్తారు. వేడివేడి డబ్బా.

ఇప్పుడు చెప్పమనండి ఎవరినైనా. నేను ఆ డబ్బా తినడం లేదని ఆయనకి ఎలా చెప్పాలో చెప్పమనండి.

మార్చి 10, సోమవారం

ఇవాళ బాగానే ఉంది. తేలిగ్గా ఉంది. పత్రికలో రాసింది నిజమే.

మార్చి 11, మంగళవారం

బాబాయ్ భార్య పోయి చాలా కాలమైంది. పొద్దున ఖాళీ టీ తాగి వచ్చేవాడు. నేను పొద్దుటి పూట తినడం మానేశాను బాబాయ్, అదొక పద్ధతి, డబ్బా మీరు తినండి అని ఇచ్చినప్పుడు ఆయన నమ్మాడు. ఈ కాలం పిల్లలకి ఎన్ని పద్ధతులో అన్నాడు. నేను పిల్లనేమీ కాదు.

మధ్యాహ్నం దిగాక చేతులు కడుక్కుంటూ ఆయన నాకు రుచి చెబుతాడు. పరీక్ష పేపరు దిద్దినట్టు చెబుతాడు. ఉప్పు ఇంత తగ్గాలి, బంగాళదుంప ఇంకాస్త ఉడకాలి, మిరియాలు ముక్కుకి ఎక్కాయి. నేను మనసులో పెట్టుకుంటాను. సాయంత్రం మా ఆయన డబ్బా కడుగుతూ ఎలా ఉంది అని అడుగుతారు. అడిగేటప్పుడు నా వైపు చూడరు, డబ్బా వైపే చూస్తారు. నేను బాబాయ్ చెప్పింది చెబుతాను. మర్నాడు ఉప్పు తగ్గుతుంది. దుంప ఉడుకుతుంది. అబ్బో, ఇవాళ కుదిరింది అమ్మాయ్ అని బాబాయ్, కుదిరిందండీ అని నేను, ఆ రాత్రంతా మా ఇంట్లో ఈల పాట.

దీనివల్ల ఎవరికి నష్టం? ముగ్గురం సుఖంగా ఉన్నాం.

మార్చి 13, గురువారం

పొద్దున సూపర్‌వైజర్ చానల్‌లో అందరూ వినేలా చెప్పాడు, పైన ఉన్న ఆవిడని చూసి నేర్చుకోండి, ఇన్నాళ్ళుగా పని మధ్యలో ఒక్కసారి కూడా కిందికి దిగలేదు, మీరు గంటకోసారి బీడీలకి పోతారు అని. మహారాణి అన్న నోటితోనే అన్నాడు. నాకు సంతోషం వేసింది. రోజంతా ఆ సంతోషంతోనే లోడ్లు ఎత్తాను. ఇంత సిగ్గులేని సంతోషం ఎప్పుడూ పడలేదు.

ఇప్పుడిక దిగితే మహారాణి అని కూడా అనడు. అంతకంటే పెద్దది ఇంకేదో అంటాడు.

మార్చి 15, శనివారం

నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. బాబాయ్‌కి కింది పళ్ళు కదులుతున్నాయి. అందుకని ఈ మధ్య ఆయన తీర్పులన్నీ మెత్తదనం చుట్టూ తిరుగుతున్నాయి. రొట్టె అంచులు కోసేస్తే బాగుండు, వేరుశెనగలు పొడి కొడితే బాగుండు. నేనూ అలాగే ఇంట్లో అప్పజెబుతున్నాను. మా ఆయన అంచులు కోశారు, పొడి కొట్టారు, అరటిపండు గుజ్జు చేశారు. రాత్రి పడుకోబోతూ, నీ పళ్ళు ఎలా ఉన్నాయి అని అడిగారు.

నాకు చప్పున అర్థం కాలేదు. బాగానే ఉన్నాయి అనబోయి నాలుక కరుచుకున్నాను. ఎడమవైపు కాస్త నొప్పి అన్నాను. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దాం అన్నారు. వచ్చే వారం చూద్దాం అన్నాను.

నా మీద ఆయనకి అంత శ్రద్ధ ఉందంటే ఏ భార్యకైనా కడుపు నిండాలి.

మార్చి 17, సోమవారం

ఇవాళ మళ్ళీ. ఈసారి కళ్ళు కాదు, చేతులు. లివరు మీద వేళ్ళు తబలా వాయిస్తున్నట్టు ఆడాయి. చెమట. చక్కెర బిళ్ళ నోట్లో వేసుకున్నాక తగ్గింది. కొక్కేనికి కాంక్రీటు బకెట్ వేలాడుతూ ఉంది. దాని కింద ఒక ఆడమనిషి తట్ట పెట్టుకుని నడిచి వెళ్ళింది. పైకి చూడలేదు. ఎందుకు చూస్తుంది, పైన నేనున్నానుగా.

మార్చి 18, మంగళవారం

డబ్బా తినేద్దామని నిర్ణయించుకున్నాను. బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని సగం తిన్నాను. ఒక్క గుక్క నీళ్ళు తాగాను, ఒక్కటే గుక్క. రుచి ఏమిటో కూడా తెలియలేదు, గడియారం వైపు చూస్తూ తిన్నాను. ఎండ ఎక్కేసరికి మొదలైంది. కాళ్ళు మెలిపెట్టుకుని కూర్చున్నాను. బాబాయ్ ఎడమ అంటే కుడికి తిప్పాను. భోజనాల గంట కొట్టాక నిచ్చెన ఎలా దిగానో నాకే తెలియదు.

మిగిలిన సగం తిన్న బాబాయ్, ఇవాళ కడుపు నిండలేదమ్మాయ్ అన్నాడు. మా ఆయనతో కొంచెం ఎక్కువ పెట్టమని చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

రేపటి నుంచి పాత పద్ధతే. నాకు అదే పడింది.

మార్చి 19, బుధవారం

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి ప్రాణం కడబట్టినట్టు ఉంటుంది. మూతబిగించిన సీసాలో వేరుశెనగలు కనిపిస్తే పిడికెడు నోట్లో పోసుకుని కరకరా నమిలాను. ఆయన ఉల్లిపాయలు కోస్తూ చూస్తున్నారు.

"పళ్ళు నొప్పన్నావు."

"ఎడమవైపండీ."

"ఎడమవైపే నములుతున్నావు."

తగ్గిపోయినట్టుంది అన్నాను. మంచిదే అన్నారు. కోసిన ఉల్లిపాయనే మళ్ళీ కోశారు. అనుమానం ఏమీ పడలేదు, ఆయనది అమాయకపు మనసు.

మార్చి 20, గురువారం

భోజనాల గంటకి సూపర్‌వైజర్ ఏదో కేకలు వేస్తుంటే బాబాయ్‌తో సరిగ్గా మాట్లాడటం కుదరలేదు. డబ్బా చేతిలో పెట్టి, అన్ని రోజులూ ఒక ఎత్తు, ఇవాళ ఒక ఎత్తు, వెన్న అనుకో, గిన్నె నాకేశాను అని మాత్రం చెప్పి పరుగెత్తాడు.

ఇంట్లో అదే చెప్పాను. ఎప్పుడూ లేనిది ఇవాళ ఆయన డబ్బా వైపు కాకుండా నా మొహం వైపు చూస్తూ అడిగారు, ఎలా ఉంది అని. వెన్నలా ఉందండీ, గిన్నె నాకేశాను అన్నాను.

"నాకేశావా?"

"నాకేశాను."

నా పెదాల వైపు చూశారు. ఏమైనా అంటుకుందేమోనని తుడుచుకున్నాను. ఆయన డబ్బా కడిగి, తుడిచి, మళ్ళీ కడిగారు. రాత్రి తలనొప్పి అని ముందే పడుకున్నారు. పాపం, రోజూ అంత పొద్దున్నే లేస్తే మనిషి అలిసిపోడా.

మార్చి 21, శుక్రవారం. క్యాబిన్‌లో

పొద్దున ఆయన లేవలేదు. పొయ్యి చల్లగా ఉంది. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఒంట్లో బాగాలేదా అంటే ఊఁ అన్నారు. డబ్బా లేదు. బల్ల మీద మాత్ర, పక్కన నీళ్ళ గ్లాసు మాత్రం మూత పెట్టి ఉన్నాయి. రాత్రే పెట్టి ఉంటారు. వేసుకున్నాను.

జ్వరమేమో. నుదుటి మీద చెయ్యి వేశాను. చల్లగానే ఉంది.

జ్వరమే అయి ఉంటుంది.

అదే రోజు. ఎండ ఎక్కాక

బాబాయ్ వాకీటాకీలో డబ్బా ఏదమ్మాయ్ అని అడిగాడు. మా ఆయనకి జ్వరం అన్నాను. అయ్యో అన్నాడు. పలకల కట్ట ఎత్తు, నెమ్మదిగా, ఎత్తు అన్నాడు. కట్ట గాల్లో ఉండగా అన్నాడు:

"నిన్నటి వంకాయ ఇంకా నా నాలుక మీదే ఉందమ్మాయ్. అలా ఉడకబెట్టడం మా ఆవిడ తర్వాత మీ ఆయనకే తెలుసు."

చానల్‌లో ఎవడో నవ్వాడు.

నాకు వంకాయ పడదు. ఒక్క ముక్క తిన్నా పెదాలు వాచి మూతి బూరెలా అవుతుంది. పెళ్ళైన కొత్తలో తెలియక తింటే ఆయనే నన్ను ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. వంకాయల గంపకి తగిలిన సంచిని కడిగే మనిషి నా డబ్బాలో వంకాయ పెట్టారు. మూత తీస్తే చాలు, కనిపించేదే. చూసి ఇంటికి వచ్చి తిడతాననుకున్నారు. ఏమండీ మతి ఉందా అని నేను అరవాలని రోజంతా ఎదురుచూసి ఉంటారు. నేను వచ్చి గిన్నె నాకేశానన్నాను.

అందుకే పెదాల వైపు చూశారు.

భోజనాల గంట ఇంకా చాలా దూరం ఉంది. లోడు తర్వాత లోడు వస్తోంది. ఎడమ, ఎడమ, చాలు, దించు. నేను ఇక్కడ ఉన్నాను. ఆయన అక్కడ గోడ వైపు తిరిగి ఉన్నారు. ఇంటి వైపు చూశాను. మా ఇల్లు ఇక్కడి నుంచి కనిపించదు, నీళ్ళ ట్యాంకు అడ్డం.

చేతులు మొదలయ్యాయి. బిళ్ళ ఒక్కటే ఉంది.

అదే రోజు. ఇంట్లో

ఇంకా సాయంత్రం కాలేదు. వరసగా రాస్తాను.

బిళ్ళ నోట్లో వేసుకున్నాను. ఈసారి తగ్గలేదు. అద్దం కింద సైటు నీళ్ళలో ఉన్నట్టు కదిలింది. కొక్కేనికి కిటికీ చట్రాల కట్ట ఉంది, దాని కిందే మనుషులు నడిచే దారి. గాలి అని చెప్పడానికి నోరు తెరిచాను. గాలి అనేస్తే భోజనాల దాకా ఎలాగో నెట్టుకొస్తాను. మళ్ళీ రేపు వస్తాను, ఎల్లుండి వస్తాను. ఏదో ఒక రోజు ఆ తట్ట పెట్టుకున్న ఆడమనిషి కింద ఉంటుంది. అది తలుచుకున్నాక భయం వేసింది. ఇన్నాళ్ళూ వెయ్యాల్సిన భయం అంతా ఒక్కసారే వేసింది.

బటన్ నొక్కాను.

"బాబాయ్, కింద మనుషుల్ని తప్పించండి. సూపర్‌వైజర్‌గారూ, మీరూ వినండి. నాకు షుగర్ ఉంది, కళ్ళు తిరుగుతున్నాయి. దిగాల్సి వస్తుందని పొద్దుటి పూట తినడం మానేశాను. ఈ కట్ట దించి దిగిపోతాను."

ఎవరూ నవ్వలేదు. తర్వాత బాబాయ్ గొంతు వచ్చింది, దించు తల్లీ, ఇంకొంచెం, నేను చూస్తున్నాను, ఇంకొంచెం అని. ఎప్పుడూ అమ్మాయ్ అనేవాడు తల్లీ అన్నాడు. కట్ట నేలకి తగిలినట్టు ఆయనే చెప్పాడు, నాకు కనిపించలేదు. కుర్చీలోనే చాలాసేపు కూర్చున్నాను. ఇద్దరు మనుషులు పైకి ఎక్కి వచ్చారు. తియ్యటి నీళ్ళ సీసా తెచ్చారు. తాగాను. నన్ను ముందు ఒకరు, వెనక ఒకరు పట్టుకుని దించారు. ఒక్క అంతస్తులో కూడా చప్పుడు లేదు.

సూపర్‌వైజర్ తాళం తీసుకున్నాడు. తిట్టలేదు. ముందే చెప్పొచ్చుగా అన్నాడు. ఎవరికి చెప్పాలి, మహారాణి అన్నవాడికా అని నాలుక చివరి దాకా వచ్చింది. అనలేదు. అతని మొహం కూడా తెల్లగా పాలిపోయి ఉంది. కంపెనీ డాక్టరు కాగితం తెచ్చేదాకా రావద్దన్నాడు. ఆ డాక్టరు కాగితం ఇవ్వడని ఇద్దరికీ తెలుసు.

బాబాయ్ గేటు దాకా వచ్చాడు.

"అయితే నేను ఇన్నాళ్ళూ నీ నోటి దగ్గరి కూడు తిన్నానా తల్లీ?"

మీ తప్పేం లేదు బాబాయ్, నేనే ఇచ్చాను అన్నాను. ఆయన వినలేదు. తల మీది హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

ఇంటికి వచ్చాను. తలుపు గడియ వేసి లేదు. ఆయన అలాగే ఉన్నారు. అదే వీపు. పుట్టుమచ్చ పక్కన చొక్కా కుట్టు ఊడింది. ఇన్నాళ్ళుగా లేని వాసన గదిలో మళ్ళీ వచ్చింది, తలుపులు తీయని గది వాసన. మంచం అంచున కూర్చున్నాను.

అన్నీ చెప్పాను. నిచ్చెన, మహారాణి, పత్రిక, బాబాయ్, పళ్ళు, ఉప్పు. చెబుతుంటే ఎంత చిన్న సంగతి ఎంత దూరం వచ్చిందో అనిపించింది. తాళం తీసుకున్నారని కూడా చెప్పాను. ఆయన కదల్లేదు. ఊఁ కూడా అనలేదు. నాకు ఏడుపు రాలేదు, ఆకలి వేసింది. ఎన్నాళ్ళకో పొద్దుటి ఆకలి, ఆ వేళప్పుడు వేసింది. వంటింట్లోకి వెళ్ళి ఎండిన రొట్టె ముక్క తెచ్చుకుని ఆయన పక్కనే కూర్చుని తిన్నాను. రెండు గ్లాసుల నీళ్ళు తాగాను. నమిలే చప్పుడు ఆయనకి వినిపించే ఉంటుంది.

చాలాసేపటికి గోడతో అన్నట్టు అన్నారు.

"ఆ పెద్దాయనకి ఉప్పు తక్కువ కావాలన్నమాట."

"అవునండీ."

"మెత్తగా కావాలి."

"అవును."

వీధిలో ఎవరిదో బండి స్టార్ట్ కాక మొరాయిస్తోంది. అది స్టార్ట్ అయి వెళ్ళిపోయేదాకా ఇద్దరం విన్నాం.

"నీకు పొద్దున ఏం తినాలని ఉంటుంది?"

వెంటనే చెప్పబోయాను. రొట్టె, అంచులు కోసి, అన్నాను. అది బాబాయ్‌ది. దుంపలు బాగా ఉడికించి, మిరియాలు తక్కువ వేసి, అన్నాను. అదీ బాబాయ్‌దే. ఆగిపోయాను.

"అది ఆయనకి. నీకు?"

చిన్నప్పుడు పొద్దున ఏం తినేదాన్ని, పెళ్ళైన కొత్తలో ఏం తినేదాన్ని, ఏది పెడితే ఇంకొంచెం అడిగేదాన్ని, ఒక్కటీ గుర్తు రాలేదు. ఆయన అడిగి చాలాసేపైంది. ఇంకా గోడ వైపే తిరిగి ఉన్నారు, కానీ నిద్రపోలేదు. నేను చెబుతానని ఊపిరి బిగబట్టి వింటున్నారు. నాకు తెలియడం లేదు.